చూపు పరీక్షలో బయటపడ్డ మూర్ఛ: కోనసీమ పసివాడి కేసు

ఆరు నెలల మగపిల్లాడు. చూపు నిలపడం లేదని తీసుకొచ్చారు. వెంట తెచ్చిన రిఫరల్ చీటీలో రెండే ముక్కలు: మేనరికం, లీబర్ కంజెనిటల్ అమౌరోసిస్ అనుమానం. ఈఆర్‌జీ (కంటి వెనక పొర అయిన రెటీనా పనితీరును కొలిచే విద్యుత్ పరీక్ష), వీఈపీ (కంటి కబురు మెదడుకు చేరుతోందా అని చూసే పరీక్ష) చేసి చూడమని కింద రాసి ఉంది. వాళ్లది సఖినేటిపల్లి వైపు ఊరు. నేను పనిచేసేది రాజమండ్రిలో, పిల్లల కంటి విభాగంలో. తల్లిదండ్రుల అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

చీటీ రాసిన డాక్టరు అనుమానం అసంబద్ధమేమీ కాదు. లీబర్ జబ్బును 1869లో జర్మన్ వైద్యుడు థియొడోర్ లీబర్ వర్ణించాడు. రెటీనాలోని కాంతి కణాలు మొదటి నుంచీ సరిగా పనిచేయవు. ఎక్కువ మందిలో, లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అందితేనే జబ్బు బయటపడుతుంది. దగ్గరి సంబంధాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. మా గోదావరి జిల్లాల్లో చూపు లేని పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ఎవరైనా మేనరికం అన్నారంటే, నాకూ ముందు తట్టేది రెటీనానే.

మాట్లాడింది నాయనమ్మే. "మా అన్న కూతుర్నే కోడలిగా తెచ్చుకున్నానండి. ఆ మేనరికమే పిల్లాడి కళ్లు తీసేసిందని ఊరంతా అంటున్నారు మేడం." కోడలు నేల చూపులు చూస్తూ కూర్చుంది. భర్త తలుపు దగ్గరే నిలబడ్డాడు.

ఈ పిల్లాడికి ఎప్పుడైనా చూపు నిలిచిందా అని తల్లినే అడిగాను. "నాలుగో నెల్లో లైటేస్తే అటు తిరిగేవాడండి. మొహం దగ్గరగా పెడితే నవ్వేవాడు కూడా. ఈ నెల్లాళ్లుగా అదీ లేదు" అంది. లీబర్ కథకు ఇది సరిపోలేదు. మొదటి నుంచీ పనిచేయని రెటీనా సాధారణంగా నాలుగో నెలలో చూపిచ్చి ఆరో నెలలో లాక్కోదు. వచ్చిన చూపు పోయిందంటే ఈ మధ్య ఏదో జరిగి ఉండాలి.

పాలిథిన్ కవరు నిండా కాగితాలున్నాయి. టీకాల కార్డు, స్కానింగులు, మందుల బిల్లులు తిరగేస్తే అడుగున పుట్టినప్పటి డిశ్చార్జి చీటీ దొరికింది. నెలలు నిండి, సిజేరియన్‌తో పుట్టాడు. బరువు 2.1 కిలోలు. తల్లికి పాలు పడలేదని తేనె నాకించి, చెంచాతో పంచదార నీళ్లు పోశారు. మూడో రోజున బిడ్డ మగతగా అయిపోయి, ఫిట్స్ వచ్చాయి. అప్పుడు చూస్తే రక్తంలో చక్కెర డెసిలీటరుకు 19 మిల్లీగ్రాములు. అప్పుడే పుట్టిన బిడ్డకు 45 కంటే తగ్గితే ఊరుకోకూడదన్నది చాలా చోట్ల పాటించే హద్దు. బరువు తక్కువగా పుట్టిన బిడ్డ కాలేయంలో చక్కెర నిల్వలు ఎలాగూ అంతంత మాత్రం. చక్కెర బాగా పడిపోయి అలాగే ఉండిపోతే మెదడు వెనక భాగాలు, అంటే ఆక్సిపిటల్, పెరైటల్ లోబులు, మిగతా వాటికంటే ఎక్కువ దెబ్బతింటాయి. చూపు కేంద్రం ఉండేది సరిగ్గా అక్కడే. "అప్పుడొచ్చిన ఫిట్స్ తగ్గిపోయాయి కదండీ" అన్నాడు తండ్రి. వాళ్ల దృష్టిలో అది ముగిసిపోయిన సంగతి.

పరీక్షలో కనుపాపలు వెలుతురుకు చురుగ్గా ముడుచుకున్నాయి. నిస్టాగ్మస్, అంటే కనుగుడ్లు వాటంతటవే ఊగడం, లేదు. లీబర్ పిల్లలు చాలామంది పిడికిలితోనో వేలితోనో కళ్లు ఒత్తుకుంటూ ఉంటారు, వీడికి ఆ అలవాటు లేదు. కళ్లద్దాల నంబరు వయసుకు తగ్గట్టే ఉంది. కంటి నరం తల ఒకింత పాలిపోయిందేమో అనిపించింది, రెటీనా మామూలుగానే ఉంది. పసిపిల్లల చూపు కొలిచే గీతల కార్డుల్లో, అంటే టెల్లర్ కార్డుల్లో, అన్నిటికంటే వెడల్పు గీతలున్న కార్డు చూపించినా తల తిప్పలేదు. ఇవన్నీ మెదడు వైపే వేలు చూపిస్తున్నాయి. అయినా లీబర్‌లోనూ ఈ వయసుకు రెటీనా పైకి మామూలుగానే కనబడొచ్చు. రికార్డింగులు చేయక తప్పదు.

వీఈపీ గదిలో

వీఈపీ అంటే, కంటికి వెలుగో గళ్లో చూపించి, ఆ కబురు మెదడు వెనక భాగానికి చేరినప్పుడు పుట్టే విద్యుత్తును తల మీంచి పట్టుకోవడం. ఆ విద్యుత్తు కొన్ని మైక్రోవోల్టులే. మెదడులో నిత్యం నడిచే ఈఈజీ దానికి ఎన్నో రెట్లు పెద్దది. రేవులో పంటు మోటారు మోగుతుంటే అవతలి ఒడ్డు మీంచి వేసిన కేక వినబడదు. కానీ అదే కేకను యాభై సార్లు రికార్డు చేసి, మొదలైన క్షణం దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే, హోరు తనంతట తానే తగ్గి కేక మిగులుతుంది. జార్జ్ డాసన్ 1950ల్లో ఈ సగటు పద్ధతిని వాడకంలోకి తెచ్చాడు. ఈనాటి యంత్రాలన్నీ దాని మీదే నడుస్తున్నాయి. అంతర్జాతీయంగా పాటించే ఐస్కెవ్ ప్రమాణం ప్రకారం ఒక్కో సగటుకు కనీసం 50 స్వీపులు, అంటే విడివిడి రికార్డింగులు, ఉండాలి, అలాంటి సగటు కనీసం రెండు సార్లు తీసి రెండూ ఒకేలా వచ్చాయా అని చూడాలి. పెద్దవాళ్లలో నలుపు తెలుపు గళ్లు తారుమారయిన 100 మిల్లీసెకన్ల ప్రాంతంలో ఒక శిఖరం వస్తుంది, దాన్నే పీ100 అంటాం. నెలల పిల్లల్లో అది ఆలస్యంగా వస్తుంది, వయసుతో పాటు ముందుకు జరుగుతుంది.

పుస్తకాల్లో కనబడని చిక్కు ఒకటుంది: ఆముదం. పసిపిల్లల మాడు మీద ఇక్కడ ఇప్పటికీ ఆముదం అద్దుతారు, పైన కొబ్బరినూనె సరేసరి. మాకు కావలసిన ఎలక్ట్రోడ్లు మూడు. ఒకటి తల వెనక ఎముక బుడిపెకు కొంచెం పైన, ఒకటి నుదుటి పైన, ఒకటి చెవి తమ్మెకు. నూనె ఉంటే పేస్టు అతకదు, చర్మపు నిరోధం 5 కిలోఓమ్‌ల లోపుకు రాదు. స్పిరిట్ దూదితో తుడిస్తే బిడ్డ ఏడుస్తాడు. ఏడిచిన బిడ్డకు పాలిస్తే నిద్రపోతాడు. నిద్రపోయిన బిడ్డకు గళ్లు చూపించలేం. అందుకే అపాయింట్‌మెంటు ఇచ్చేటప్పుడే ఫోనులో చెబుతాం: ముందు రోజు కుంకుడురసంతో తల రుద్దండి, ఆ రోజు నూనె వద్దు, కాటుక వద్దు, ఇక్కడికొచ్చాకే పాలివ్వండి. ఈ నాయనమ్మ అన్నీ పాటించింది. దిష్టి చుక్క మాత్రం అరికాలికి మార్చింది. దాంతో మాకే ఇబ్బందీ లేదు.

పిల్లాణ్ణి తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, తెరకు మీటరు దూరంలో పెట్టాం. తెర అంచున మా టెక్నీషియన్ అమ్మాయి గిలక ఊపుతుంది. బిడ్డ చూపు తప్పితే చేతిలోని బటను నొక్కి రికార్డింగు ఆపుతుంది. వీడు గిలక చప్పుడుకు తల తిప్పాడు గానీ గళ్ల వైపు చూపు పెట్టనే లేదు. దాంతో ఫ్లాష్ వీఈపీకి మారాం. దానికి చూపు నిలపనక్కర్లేదు, వెలుగు కంట్లో పడితే చాలు.

కేసు మలుపు తిరిగింది ఇక్కడే. ప్లస్, మైనస్ 100 మైక్రోవోల్టులు దాటిన స్వీపును యంత్రం చెత్త కింద పక్కన పడేస్తుంది. బిడ్డ కదిలినా, ఏడ్చినా, దవడ బిగించినా అలా పోతాయి. అలా పోవాలి కూడా. వీడి విషయంలో పోయినవి చకచకా పెరుగుతున్నాయి, తీసుకున్నవి ఒకటీ అరా. టెక్నీషియన్ ఎలక్ట్రోడ్లు మళ్లీ అతికించింది, నిరోధం బాగానే ఉంది. "మేడం, వీడు ఏడవట్లేదు, కదలట్లేదు. మరి ఇన్ని రిజెక్టులేంటి?" అని పిలిచింది.

ఈ పని చేసే వాళ్లకు పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను. సగటు తీయక ముందు తెర మీద నడిచే గీతను పచ్చి ట్రేసు అంటాం. అందులో ఒక్కో చెత్తకు ఒక్కో రూపం. కరెంటు లైను నుంచి వచ్చేది 50 హెర్ట్జ్ ఒరవడి. 300 మిల్లీసెకన్ల స్వీపులో సరిగ్గా 15 అలలు, అన్నీ ఒకే ఎత్తు. ఎర్తింగు సరిచేస్తే పోతుంది. దాన్ని నాచ్ ఫిల్టరుతో కోసేయడాన్ని ప్రమాణం ప్రోత్సహించదు, అసలు తరంగం ఆకారం చెడుతుంది. కండరాల బిగింపు ముళ్లకంపలా దట్టంగా, పదునుగా ఉంటుంది. చెమట మాత్రం గీతను నెమ్మదిగా పైకీ కిందికీ ఊపుతుంది. ఏసీ చల్లదనం ఇంకా గదిలో నిండక ముందు, డెల్టా ఉక్కపోతలోంచి నేరుగా వచ్చిన తల్లి ఒళ్లో బిడ్డకు, ఇది మాకు రోజూ కనబడేదే.

వీడి స్వీపుల్లో కనబడినవి ఏటవాలు గీతలు. ఒకటి పైకి, ఒకటి కిందికి, పొంతన లేకుండా. మొదటి చూపుకి చెమటే అనిపిస్తుంది. కానీ చెమట ఊపు ఇంత పెద్దదిగా, ఇంత క్రమం తప్పి ఉండదు. పైగా గది అప్పటికే చల్లబడింది. సెకనుకు రెండు మూడు సార్లు వచ్చే నెమ్మది అల ఒక్కోటీ సుమారు 330 నుంచి 500 మిల్లీసెకన్ల పొడుగుంటుంది. 300 మిల్లీసెకన్ల కిటికీలో అది మొత్తం పట్టదు, ముక్కే కనబడుతుంది, ఆ ముక్క వాలు గీతలా ఉంటుంది. కాలపు కొలత పెంచి, ఒక్క తెరలో పది సెకన్లు పట్టేలా చేసి, ఫ్లాష్ ఆపేసి ఊరికే నడవనిచ్చాం. 300 మైక్రోవోల్టులు దాటిన పెద్ద పెద్ద అలలు, మధ్యలో పదునైన మొనలు, ఎక్కడా ఒక లయ లేదు. బిడ్డ మాత్రం తల్లి కొంగు నోట్లో పెట్టుకుని నిమ్మళంగా ఉన్నాడు. యంత్రం చెత్త అని పారేస్తున్నది వాడి మెదడులోంచి వస్తున్న అసలు విద్యుత్తే.

ఇలా లయ లేని పెద్ద పెద్ద అలల ఈఈజీని హిప్సరిథ్మియా అంటారు, పసిపిల్లల్లో వచ్చే ఒక రకం మూర్ఛకు అది గుర్తు. ఒక్క ఛానల్ మీద హిప్సరిథ్మియా అని తేల్చడం కుదరదు. తల అంతటా ఎలక్ట్రోడ్లు పెట్టి తీసిన ఈఈజీయే ఆ మాట చెప్పాలి. కానీ తల్లిని అడగాల్సిన ప్రశ్న దొరికింది.

"నిద్ర లేచాక ఎలా ఉంటాడమ్మా?"

"జడుసుకుంటాడండి. లేచిన కాసేపు ఉలిక్కి ఉలిక్కి పడతాడు, చేతులు ముందుకు చాచి. తాయెత్తు కట్టించాం. అది ఈ నెల్లోనే మొదలైందండి."

చూపు పోయిందీ ఈ నెల్లోనే.

చీకట్లో ఇరవై నిమిషాలు

ఈఈజీ గది ఖాళీ అయ్యేదాకా ఎలాగూ ఆగాలి. ఈలోగా ఈఆర్‌జీ చేయాలనుకున్నాం. లీబర్ ప్రశ్న ఇంకా తేలలేదు, దానికి జవాబు రెటీనా నుంచే రావాలి. మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాల స్పందన పట్టాలంటే ముందు ఇరవై నిమిషాలు చీకట్లో ఉంచాలి. పాలు తాగి వాడు నిద్రపోయాడు. నిద్రలో కింది రెప్పల దగ్గర స్కిన్ ఎలక్ట్రోడ్లు అంటించి రికార్డు చేశాం. రెటీనా స్పందనలోని ఏ వేవు, బీ వేవు అనే అలలు రెండూ చక్కగా, వయసుకు తగిన ఎత్తులో వచ్చాయి. తర్వాత వెలుగులో తీసిన 30 హెర్ట్జ్ ఫ్లికర్, అంటే సెకనుకు 30 సార్లు మినుకుమనే వెలుగుకు రెటీనా ఇచ్చే స్పందన, కూడా బాగుంది. లీబర్‌లో ఈఆర్‌జీ దాదాపు చదునుగా ఉంటుంది. ఆ జబ్బు కాదని తేలిపోయింది.

ఎలక్ట్రోడ్లు తీస్తుండగా లేచాడు. కళ్లు తెరిచిన అర నిమిషానికి మెడ ముందుకు వంగింది, రెండు చేతులూ ఒక్కసారి చాచి దగ్గరకు తెచ్చుకున్నాడు, మోకాళ్లు పొట్ట వైపు ముడుచుకున్నాయి. సెకను, రెండు సెకన్లు. వదిలేసింది. కొద్ది క్షణాలకు మళ్లీ. వరసగా వస్తూనే ఉన్నాయి, ప్రతిదాని తర్వాతా సన్నటి ఏడుపు. "ఇదేనండి జడుపు" అంది నాయనమ్మ. తండ్రి ఫోనులోనే వీడియో తీయించి, పిల్లల న్యూరాలజిస్టుకు అప్పటికప్పుడు పంపాం.

ఉలికిపాటుకూ దీనికీ తేడా ఇంట్లో వాళ్లే పసిగట్టొచ్చు. ఉలికిపాటు చప్పుడుకో కుదుపుకో ఒక్కసారి వస్తుంది. ఇది కారణం లేకుండా, ముఖ్యంగా నిద్ర లేచిన వేళ, వరసలు వరసలుగా వస్తుంది. ఇన్‌ఫంటైల్ స్పాజమ్స్, వెస్ట్ సిండ్రోమ్ అనే పేర్లు దీనివే. విలియం జేమ్స్ వెస్ట్ అనే ఇంగ్లిషు వైద్యుడు 1841లో లాన్సెట్ పత్రికకు రాసిన ఉత్తరంలో తన సొంత కొడుక్కి వస్తున్న ఈ వంగుళ్లనే వర్ణించాడు. ఎక్కువగా మొదలయ్యేది మూడో నెలకూ పన్నెండో నెలకూ మధ్య. మొదలయ్యాక బిడ్డ నేర్చుకున్నవి ఒక్కోటే జారవిడుస్తాడు, చూపు నిలపడం అందులో ముందు వరసలో ఉంటుంది. చికిత్స ఎంత ఆలస్యమైతే ఎదుగుదల అంత నష్టపోతుంది.

రిపోర్టు రాసేటప్పుడు ఒక మాట దగ్గర ఆగాం. స్వీపుల హద్దు పెంచి బలవంతంగా సగటు తీస్తే ఏదో ఒక గీత రాకపోదు. తీసి చూశాం కూడా. రెండు సగటులూ ఒకదానితో ఒకటి కలవలేదు. అలాంటప్పుడు వీఈపీ స్పందన లేదు అని రాసేవాళ్లున్నారు. స్పందన లేకపోవడం వేరు, ఉందో లేదో తెలిసే పరిస్థితి లేకపోవడం వేరు. మొదటి మాట ఆ కుటుంబం చెవిన గుడ్డివాడు అనే పడుతుంది, జీవితాంతం కాగితం మీద ఉండిపోతుంది. అందుకని వెనక ఈఈజీ అసాధారణంగా పెద్దదిగా ఉండడం వల్ల వీఈపీ అంచనా వేయలేకపోయామని, మూర్ఛ అదుపులోకి వచ్చాక మళ్లీ చేయాలని రాశాం. దీనికి రెండో వైపూ ఉంది. ఫ్లాష్ వీఈపీ బాగా వచ్చినంత మాత్రాన బిడ్డ చూస్తున్నాడని చెప్పలేం. కబురు మెదడు గుమ్మం దాకా చేరిందని మాత్రమే దాని అర్థం. లోపల అది బొమ్మగా మారుతోందో లేదో బిడ్డ ప్రవర్తనే చెప్పాలి.

తర్వాత

అదే సాయంత్రం తీసిన ఈఈజీలో హిప్సరిథ్మియా స్పష్టంగా ఉంది. నాలుగు రోజులకు ఎమ్మారైలో మెదడు వెనక భాగాల్లో రెండు వైపులా మచ్చలు కనబడ్డాయి, పుట్టినప్పటి చక్కెర దెబ్బకు తగ్గట్టుగానే. నాయనమ్మకు నేను చెప్పింది ఇంతే: "మామ్మగారూ, పిల్లాడి కళ్లు బాగున్నాయి. ఇది మేనరికం వల్ల వచ్చిన జబ్బు కాదు. పుట్టిన మూడో రోజు చక్కెర పడిపోవడం వల్ల వచ్చింది." ఆవిడ కోడలి వైపు చూసింది, ఏమీ అనలేదు. ఆ తర్వాత ప్రతి మాటా కోడలే మాట్లాడింది. అలాగని మేనరికానికి మేం పచ్చజెండా ఊపలేదు. ఆ సంగతి వేరే రోజు, వాళ్లిద్దరితో విడిగా మాట్లాడాం.

న్యూరాలజిస్టు ఎక్కువ మోతాదులో నోటి ద్వారా ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టారు. స్టెరాయిడ్ అనగానే తండ్రి భయపడ్డాడు. మొహం ఉబ్బుతుందని, ఆకలి, చిరాకు పెరుగుతాయని, బీపీ చూపించుకుంటూ ఉండాలని, ఇష్టమొచ్చినట్టు ఒక్కసారిగా ఆపకూడదని ముందే చెప్పాం. బీపీ చూసే పని వాళ్ల ఊరి పీహెచ్‌సీ వాళ్లు ఒప్పుకున్నారు. లేకపోతే ప్రతి సారీ రాజమండ్రి రావడం ఆ ఇంటికి కూలి పోగొట్టుకోవడమే. రెండో వారంలో వంగుళ్లు ఆగాయి. ఆగిన కొద్ది రోజులకే తల్లి ఫోను చేసింది, స్టీలు గ్లాసు మీద ఎండ పడితే అటు చూస్తున్నాడని.

ఎనిమిదో నెలలో మళ్లీ వీఈపీ చేశాం. పచ్చి ట్రేసు ప్రశాంతంగా ఉంది, పోయిన స్వీపులు చాలా తక్కువ. కంటి దగ్గర ఒక డిగ్రీ కోణం చేసే పెద్ద గళ్లకు 128 మిల్లీసెకన్ల దగ్గర 7 మైక్రోవోల్టుల శిఖరం వచ్చింది, రెండు సగటుల్లోనూ అదే చోట. వయసుకు ఆలస్యమే, ఎత్తూ తక్కువే. డిగ్రీలో నాలుగో వంతుండే చిన్న గళ్లకు ఏమీ రాలేదు. అంటే దారి తెరిచే ఉంది, ముతక బొమ్మ వెళుతోంది. కొత్త నిర్ధారణ సెరిబ్రల్ విజువల్ ఇంపెయిర్‌మెంట్. కళ్లు బాగానే ఉండి, చూసిన దాన్ని అర్థం చేసుకునే మెదడు భాగం దెబ్బతినడం.

దీనికి ఇంట్లో చేయాల్సిన పనులకు ఖర్చేమీ లేదు. ముదురు రంగు సాదా దుప్పటి పరిచి దాని మీద ఒకే ఒక్క బొమ్మ పెట్టాలి, ఎర్రదో పసుపుదో. పూల పూల చీర ఒళ్లో కూర్చోబెట్టి బొమ్మ చూపిస్తే వీడికి చీర, బొమ్మ రెండూ ఒకటే. కదిలే వస్తువును తొందరగా పట్టుకుంటాడు. చూడ్డానికి టైము ఇవ్వాలి, చూస్తుండగా మాట్లాడకూడదు. ఆఖరిదే అందరికంటే మామ్మకు కష్టమైంది. ఎదుగుదల చికిత్సల కోసం ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద నడిచే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటరుకు పంపాం.

తొమ్మిదో నెల చివర్లో, స్టెరాయిడ్ ఆపాక, వంగుళ్లు తిరగబెట్టాయి. ఈసారి విగాబాట్రిన్ అనే మూర్ఛ మందు ఇచ్చారు. ఈ మందుతో చూపు అంచులు శాశ్వతంగా దెబ్బతినొచ్చని 1997 నుంచి తెలిసిన సంగతే. పెద్దవాళ్లకైతే చూపు ఎంత దూరం విస్తరించిందో కొలిచే ఫీల్డు పరీక్ష చేసి కనిపెడతాం, పసివాడికి అది కుదరదు. అందుకని 30 హెర్ట్జ్ ఫ్లికర్ ఎత్తు తగ్గుతోందా అని ఈఆర్‌జీలో చూస్తూ ఉంటాం. లీబర్ కాదని తేల్చడానికి ఆరో నెలలో తీసిన రికార్డే ఇప్పుడు పోల్చి చూసుకోవడానికి పనికొచ్చింది. అది లేకపోతే, మందు మొదలయ్యాక తగ్గిందో, ముందే తక్కువ ఉందో చెప్పలేకపోయేవాళ్లం.

ఇప్పుడు వాడికి పద్నాలుగు నెలలు. వంగుళ్లు లేవు. టెల్లర్ కార్డుల్లో డిగ్రీ కోణానికి 2.4 సైకిళ్ల (నలుపు తెలుపు జతల) గీతలు గుర్తుపడుతున్నాడు. ఈ వయసుకు అది తక్కువే, మొదట్లో శూన్యం. ఆసరా లేకుండా కాసేపు కూర్చుంటాడు, నిలబడ్డం ఇంకా రాలేదు. ఫ్లికర్ ఎత్తు నిలకడగా ఉంది. విగాబాట్రిన్ ఎప్పుడు ఆపాలో న్యూరాలజిస్టు చెప్పే ముందు ఇంకోసారి తీస్తాం.

కింది వైపు ఉన్న వస్తువులు మాత్రం వాడు గమనించడం లేదు. కంటి ఎత్తులో పెట్టిన గిలకను అందుకుంటాడు, అదే ఒళ్లో పడితే ఉన్నట్టే తెలియదు. పెరైటల్ భాగం దెబ్బతిన్న పిల్లల్లో కింది సగం చూపు తగ్గడం మామూలే. నడక వచ్చాక గడపలూ మెట్లూ తన్నుకుంటాడు. గడపకు ఎలాగూ పసుపు రాస్తారు కాబట్టి వీధి అరుగు మెట్ల అంచులకు కూడా అదే రంగు పెయింటు పట్టీ వేయించమని తండ్రికి చెప్పాను. "ఆయ్, ఈ వారమే ఏయించేత్తానండి" అన్నాడు.